నాలుగు సంతకాల రికార్డు, రెండు వందల గజాల ప్లాటు

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వెయ్యొద్దన్నారు. విషయం క్లుప్తంగా ఇది.

ఆమెకు 47 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు. తండ్రి కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు, రెండేళ్ల కింద చనిపోయారు. వీలునామా లేదు. సొంత సంపాదనతో ఆయన కొన్న రెండు వందల గజాల ప్లాటు ఉంది. తల్లి అన్న దగ్గర ఉంటోంది. ఆ ప్లాటు మొత్తం తన పేరు మీదికి వచ్చేలా అన్న రిలీజ్ డీడ్ (వాటా వదులుకుంటున్నట్టు రాసే పత్రం) రాయించాడు. చెల్లెలి వంతుకు బదులుగా ఇస్తానంటున్నది ఒక గ్రామఫోన్ రికార్డు.

1960లలో రైల్వే క్వార్టర్స్‌లో వాళ్ల పక్కింట్లో ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవర్ కుటుంబం ఉండేది. 1975లో ఆస్ట్రేలియా వెళ్లిపోతూ వాళ్లు తమ రికార్డులన్నీ ఈమె తండ్రికి ఇచ్చి వెళ్లారు. వాటిలో ఇంగ్లండ్‌కు చెందిన నలుగురి పాటల బృందం బీటిల్స్ 'రివాల్వర్' ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) ఒకటి, ఇండియాలో తయారైనది. అట్ట ముందు వైపు తెల్లగా ఉన్న చోట నీలం బాల్ పెన్నుతో నాలుగు సంతకాలున్నాయి. "అంకుల్ రైల్వే హాకీ టీముతో ఢిల్లీ పోయినప్పుడు, హోటల్ కాడ వాళ్లతోని పెట్టిచ్చుకున్నడు" అని బాపు చెప్పేవాడట. అన్న ఈ మధ్య "ఢిల్లీ కాదు, రిషికేశ్. 1968లో" అంటున్నాడు. ఎవరికో ఆన్‌లైన్‌లో ఫొటో పంపి హోలోగ్రామ్ స్టిక్కరున్న సర్టిఫికెట్ తెప్పించాడు. అందులో విలువ 25 లక్షలని ఉంది. "ప్లాటులో నీ వంతుకంటే నీకే ఎక్కువ ముడుతోంది" అంటున్నాడు. రిషికేశ్‌లో పెట్టించుకున్నవని భర్త తనతో చెప్పినట్టు అమ్మ చేత నోటరీ అఫిడవిట్ కూడా చేయిస్తానంటున్నాడు. వచ్చే నెల రిజిస్ట్రేషన్.

"ఈ సంతకాలు నిజమైనవేనా? కాకపోతే మా బాపు అబద్ధం చెప్పినట్టా? అన్నను అనుమానిస్తే అమ్మ తట్టుకోదు. ఊకే సంతకం పెట్టేద్దామా అనిపిస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ఆమె అడుగుతున్నారు.

*

మీ ఉత్తరంలో మూడు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. సంతకాలు అసలువా కావా, బాపు చెప్పింది నిజమా కాదా, అన్న చేస్తున్న పంపకం న్యాయమా కాదా. ఒకటి తేలితే మిగతా రెండూ తేలిపోతాయని మీరు భయపడుతున్నారు. అలా జరగదు. సంతకాలు అసలువి కాకపోయినా బాపు నిజమే చెప్పి ఉండవచ్చు. అసలువే అయినా ఈ పంపకం సరైనది కాకపోవచ్చు. అందుకని ఒక్కొక్కటే చూద్దాం.

ముందు తేదీలు. 'రివాల్వర్' ఇంగ్లండ్‌లో విడుదలైంది 1966 ఆగస్టు 5న. బీటిల్స్ నలుగురూ ఢిల్లీలో ఆగింది అదే ఏడాది జూలై మొదటి వారంలో, మనీలా నుంచి తిరిగి వెళ్తూ. వాళ్లలో ఒకరైన జార్జ్ హారిసన్ అక్కడ సితార్ కొనుక్కున్నది ఆ ప్రయాణంలోనే. అంటే వాళ్లు ఢిల్లీలో ఉన్నప్పటికి ఈ రికార్డు బయటికే రాలేదు. ఢిల్లీ హోటల్ దగ్గర ఈ అట్ట మీద సంతకాలు పెట్టించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు.

మీ అన్నకు ఈ సంగతి ఎక్కడో తెలిసి ఉంటుంది, అందుకే కథ రిషికేశ్‌కు మారిందని నా ఊహ. ఊహ మాత్రమే, ఆయన్ని అడిగితేనే తెలుస్తుంది. కానీ పాత వస్తువుల విషయంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసేది ఇదే: ఏళ్ల తరబడి ఒకలా చెప్పిన కథ, అమ్మకం మాట వచ్చాక తేదీలకు సరిపడేలా మారడం. బాపు చెప్పిన మాటలో తేదీ కుదరకపోవచ్చు, అయినా ఆ మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. దాన్ని ఎవరూ సరిచేయలేదు. తప్పు ఎక్కడుందో వెతికే వీలు మనకు ఇంకా ఉంది.

రిషికేశ్ సంగతీ చూద్దాం, అసాధ్యం అనలేం కాబట్టి. 1968 ఫిబ్రవరిలో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి జాన్ లెనన్, జార్జ్ ముందు వచ్చారు, పాల్ మెకార్ట్‌నీ, రింగో స్టార్ కొద్ది రోజులకు వచ్చారు. రింగో మార్చి 1నే వెళ్లిపోయాడు. నలుగురూ అక్కడ కలిసి ఉన్నది దాదాపు పది రోజులు. బయటివాళ్లను లోపలికి రానిచ్చేవారు కాదు, పత్రికలవాళ్లు గేటు దగ్గరే పడిగాపులు పడ్డారు. కాజీపేట డ్రైవర్ ఒకాయన సరిగ్గా ఆ పది రోజుల్లో, చేతిలో ఎల్పీతో అక్కడికి వెళ్లి, నలుగురి చేతా సంతకాలు పెట్టించుకున్నాడంటే నమ్మడానికి గట్టి ఆధారం కావాలి. ఈ మధ్య అన్న అనేదాకా మీ ఇంట్లో ఎవరూ ఆ మాట అనలేదని మీ ఉత్తరాన్ని బట్టి తెలుస్తోంది.

ఇప్పుడు బాపు గురించి. అంకుల్ నిజంగానే 1966లో ఢిల్లీలో ఏ ఆటోగ్రాఫ్ పుస్తకంలోనో, కాగితం మీదో సంతకాలు సంపాదించి ఉండవచ్చు. తర్వాత రికార్డు కొన్నప్పుడు, వాటిని చూసి ఇంట్లో పిల్లలెవరో అట్ట మీద దించి ఉండవచ్చు. ఆ రోజుల్లో అభిమానులు సరదాకి చేసే పనే అది, ఎవరినీ మోసం చేద్దామని కాదు. ఆ కాగితం వాళ్లతో ఆస్ట్రేలియా వెళ్లిపోయింది, అట్ట మీ ఇంటికి వచ్చింది, కాగితం కథ అట్టకు అంటుకుంది. ఇలా కథ ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకు జారడం చాలా మామూలు. అందులో ఎవరూ అబద్ధమాడనక్కర్లేదు. మీ బాపు విన్నది విన్నట్టు చెప్పారు.

ఇంకో సంగతి. హోటల్ దగ్గర అభిమానులు కాగితాలిస్తే అవి పై అంతస్తుకు వెళ్లి సంతకాలతో కిందికి వచ్చేవి. బీటిల్స్ వెంట ఉండే నీల్ ఆస్పినాల్, మాల్ ఎవాన్స్ గ్రూపు తరఫున వాళ్ల సంతకాలు పెట్టేవారని ఇప్పుడు అందరికీ తెలుసు. నలుగురిలో ఒకరి సంతకం ఇంకొకరు పెట్టడం కూడా ఉండేది. అంటే అంకుల్ స్వయంగా హోటల్ గుమ్మం దగ్గర నిలబడి తెచ్చుకున్న సంతకాలే అయినా, అవి వాళ్ల చేతిరాత కాకపోవచ్చు. వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది ఒక ప్రశ్న, రాసిన చెయ్యి ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. కొనేవాళ్లకు రెండూ కావాలి.

సర్టిఫికెట్ విషయం సూటిగా చెప్తాను. ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్లు ఫోన్‌లో తీసిన ఫొటో చూసి ఇచ్చిన కాగితానికి విలువ లేదు. హోలోగ్రామ్ స్టిక్కర్లు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. అమెరికాలో 1990లలో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' పేరుతో దొంగ సంతకాల ముఠాలను పట్టుకున్నప్పుడు, ఆ సరుకు చాలావరకు సర్టిఫికెట్లతోనే అమ్ముడైందని బయటపడింది. పేరున్నవాళ్ల హామీ కూడా ఒక్కోసారి నిలబడదు. 2022లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ కొత్త పుస్తకాన్ని, ఆయన స్వయంగా సంతకం చేసిన ప్రతులంటూ ప్రచురణకర్తలే హామీ పత్రంతో ఒక్కొక్కటి 599 డాలర్లకు అమ్మారు. కొన్నవాళ్లు తమ ప్రతుల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, సంతకాలు యంత్రంతో చేసినవని తేలింది. డబ్బు వెనక్కి ఇచ్చారు, డిలాన్ క్షమాపణ చెప్పారు. అక్కడే అలా జరిగింది. మీ అన్న తెప్పించిన కాగితాన్ని ఆస్తి పంపకానికి కొలబద్దగా పెట్టుకోకండి.

25 లక్షలన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థమవుతుంది. నలుగురూ సంతకం చేసిన, బీటిల్స్‌దే ఇంకో ఎల్పీ 'సార్జెంట్ పెప్పర్స్' అట్ట ఒకటి 2013లో అమెరికా వేలంలో 2,90,500 డాలర్లకు పోయింది. అలాంటి వార్తలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ అసలు సంతకమని నిరూపణ అయిన అట్టకు వచ్చే ధర అది. నిరూపణ కాకపోతే మీ దగ్గరున్నది మంచి పాత ఎల్పీ, కొన్ని వేలు చేస్తుంది. మధ్యస్తంగా ఒక ధర ఉండదు.

మీరే ఇంట్లో చేయగల పరీక్షలు ఉన్నాయి. వీటితో అసలువని తేలదు. అసలువి కావని తేలే అవకాశం మాత్రం ఉంది.

చీకటి గదిలో అట్టను బల్ల మీద పెట్టి, టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. బాల్ పెన్ను గట్టిగా నొక్కితే అట్టలో సన్నటి గాడి పడుతుంది. గాడి అసలే లేకుండా గీత బల్లపరుపుగా ఉంటే, భూతద్దంతో దగ్గరగా చూడండి. చిన్న చిన్న చుక్కలు కనిపిస్తే అది అచ్చు, రాసింది కాదు. రాసిందే అయితే గీత వేగం చూడండి. రోజుకు వంద సంతకాలు చేసేవాడి గీత ఆగకుండా పోతుంది, చివర సన్నబడి గాల్లోకి లేస్తుంది. చూసి దించేవాడి గీత నెమ్మదిగా, కాస్త వణుకుతూ, మొదలూ చివరా మొద్దుగా ఉంటుంది. మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ పెట్టిన జాడలుంటాయి. నాలుగు సంతకాలూ ఒకే ఒరవడిలో, ఒకే ఒత్తిడితో ఉన్నాయా? నలుగురు మనుషులు రాస్తే అలా ఉండటం అరుదు.

తర్వాత అరుగుదల. ఎల్పీ అట్టల మీద లోపలి రికార్డు రాపిడికి గుండ్రటి మచ్చ పడుతుంది. సంతకం ఆ మచ్చ మీదుగా పోతోందేమో చూడండి. అట్టతో పాటు ఇంకు కూడా అరిగి ఉంటే సంతకం పాతది. అరిగి పొరలు లేచిన చోట ఇంకు పగుళ్లలోకి దిగి ఉంటే, అట్ట పాతబడ్డాక ఎవరో రాశారని అర్థం. ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఎవరి మాట మీదా ఆధారపడదు, వస్తువే చెప్తుంది.

అట్ట వెనక కింది భాగంలో, రికార్డు మధ్య లేబుల్ మీద ఉన్న అక్షరాలన్నీ స్పష్టంగా ఫొటోలు తీయండి. ఇక్కడి రికార్డులు కలకత్తా డమ్‌డమ్‌లోని గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారయ్యేవి. ఒకే ఎల్పీని ఏళ్ల తర్వాత మళ్లీ మళ్లీ వేసేవారు. లేబుల్, అచ్చు వివరాలు చూసి ఏ కాలపుదో చెప్పగల పాత రికార్డుల సేకర్తలు హైదరాబాద్‌లోనూ ఉన్నారు. గ్రూపు 1970లో విడిపోయింది. ఈ అట్ట ఆ తర్వాత అచ్చయినదైతే, నాలుగు సంతకాలూ ఒకే చోట పడ్డాయన్న కథ అక్కడితో ఆగిపోతుంది.

ఈ పనులన్నీ చేతులు కడిగి తుడుచుకుని చేయండి. లామినేషన్ చేయించకండి, టేపు అంటించకండి, తడి గుడ్డ పెట్టకండి, సంతకం మీద ఏ పెన్నుతోనూ దిద్దనివ్వకండి. ఎండాకాలం అటక మీద పెడితే రికార్డు వంగిపోతుంది. నిలువుగా, చల్లటి బీరువాలో ఉంచండి.

మీ ఉత్తరంలో మీరు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది. అంకుల్ కుటుంబం ఆస్ట్రేలియా నుంచి చాలాకాలం క్రిస్మస్‌కు కార్డులు, ఉత్తరాలు రాసిందని, అవి ఇంకా బాపు సందూకలో ఉన్నాయని రాశారు. వాటిని బయటికి తీయండి. పోస్టు ముద్ర, తేదీ ఉన్న ఉత్తరంలో "ఆ రికార్డు జాగ్రత్తగా ఉందా" అన్న ఒక్క వాక్యం దొరికినా అది పది సర్టిఫికెట్లకంటే ఎక్కువ. అమ్మకం ఆలోచన లేని కాలంలో రాసిన మాట అది. కవర్లతో సహా దాచండి. వాళ్ల పిల్లలు ఎవరైనా ఉంటే ఆ చిరునామాకు మీరే రాయండి.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. "అంకుల్ 1968లో రిషికేశ్ వెళ్లారా?" అని అడగకండి. మర్యాదకో, గుర్తులేకో "అవుననుకుంటా" అంటారు, ఆ జవాబు దేనికీ పనికిరాదు. "నాన్నగారు మా బాపుకు ఇచ్చిన రికార్డులు మీకు గుర్తున్నాయా? వాటి గురించి ఏం గుర్తుంటే అది చెప్పండి" అని మాత్రం రాయండి. అమ్మతోనూ అంతే. అన్న, వదిన లేనప్పుడు ఆ పాత క్వార్టర్స్ ముచ్చట్లు పెట్టించండి. రికార్డులు ఇంటికి వచ్చిన రోజు అట్ట మీద రాతలు ఉన్నాయా అన్నది ఆమెకు గుర్తుండవచ్చు. ఆమె చెప్పింది ఆమె మాటల్లోనే, తేదీ వేసి రాసుకోండి.

ఇంతవరకూ సంతకాలు నిలబడితే, అప్పుడు నిపుణుల దగ్గరికి. అమెరికాలో పీఎస్‌ఏ, జేఎస్‌ఏ, బెకెట్ లాంటి సంస్థలు డబ్బు తీసుకుని సంతకాలు పరిశీలిస్తాయి. పెద్ద వేలం సంస్థలు ముందు ఫొటోలు చూసి తీసుకుంటాయో లేదో చెప్తాయి. మొదట మంచి స్కాన్లు పంపండి. అసలు వస్తువును బీమా లేకుండా పంపకండి, అమ్మిపెడతానన్న ఎవరి చేతికీ ఇవ్వకండి. వాళ్లు కాదంటే అది దాదాపు చివరి మాటే. మంచి సర్టిఫికెట్ లేని సంతకానికి పెద్ద ధర పెట్టి కొనేవాళ్లు దొరకరు.

ఇక ప్లాటు. తేదీలు చూశాక నా అభిప్రాయం: ఈ సంతకాలు అసలువి కాకపోయే అవకాశమే ఎక్కువ. కానీ మీరు నిర్ణయం తీసుకోవడానికి అది తేలాల్సిన అవసరం కూడా లేదు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మకు, అన్నకు, మీకు సమాన వాటాలు. మీకు పెళ్లయిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అన్న పసుపు కుంకుమ కింద ఏదో ఇస్తున్నట్టు మాట్లాడుతున్నారు, కానీ అది మీ హక్కు.

మీ ముందు కొన్ని దారులున్నాయి. ప్లాటును ప్లాటుగా, రికార్డును రికార్డుగా విడదీయమని అడగడం ఒకటి. ప్లాటు విలువ మూడు వాటాలు, రికార్డు ముగ్గురి ఉమ్మడి ఆస్తి, ఎప్పుడు ఎంతకు అమ్మితే అప్పుడు మూడు భాగాలు. ఇందులో అన్నను దొంగ అనాల్సిన పని లేదు, సంతకాల మీద వాదనా అక్కర్లేదు. రికార్డు 25 లక్షలని ఆయన నిజంగా నమ్మితే, దానిలో తన వంతు వస్తుందంటే ఆయనకు సంతోషమే కదా. ఒప్పుకోకపోతే ఆ నమ్మకం ఎంతవరకు ఉందో మీకు తెలుస్తుంది. ఆయనకూ తెలుస్తుంది, ఆ కాసేపు ఇంట్లో ఇబ్బందిగా ఉండవచ్చు, అందుకు సిద్ధపడండి.

రెండోది, రికార్డు ఆయన్నే తీసుకోమని, ప్లాటులో మీ వాటాకు డబ్బు ఇవ్వమని చెప్పడం. డబ్బు ఒకేసారి ఇవ్వలేకపోతే గడువు ఇవ్వండి, కానీ కాగితం మీద రాసుకోండి.

మూడోది, మీరు రాసినట్టే సంతకం పెట్టేసి ఊరుకోవడం. అది తప్పు అనను. అమ్మ కోసం, తోబుట్టువు కోసం వాటా వదులుకున్న ఆడపిల్లలు ఎందరో ఉన్నారు, అది వాళ్ల ఇష్టం. కానీ అలా వదులుకుంటే, వదులుకుంటున్నానని తెలిసి వదులుకోండి. రికార్డును బాపు గుర్తుగా తీసుకోండి, వాటాకు ధరగా కాదు. రేపు ఆ సంతకాలు నకిలీవని తెలిసినప్పుడు అన్న మోసం చేశాడని కుమిలిపోయే పరిస్థితి మీకు రాకూడదు.

ఏ దారి అయినా, డీడ్‌లో ఏం రాశారో ఒక్కో లైను చదవండి. "ప్రతిఫలం లేకుండా, ఇష్టపూర్వకంగా" అని ఉంటే, రికార్డు ఇస్తానని మాట ఇచ్చినందుకే సంతకం పెట్టానని తర్వాత మీరు చెప్పుకోవడం చాలా కష్టం. రిజిస్టరైన డీడ్‌ను రద్దు చేయించాలంటే కోర్టుకు వెళ్లి మోసాన్ని మీరే రుజువు చేయాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. హనుమకొండలోనే కనుక్కోండి, డీడ్ నకలు పట్టుకుని వెళ్లండి.

అఫిడవిట్ విషయంలో మాత్రం మీకు దారులు చూపించను. అమ్మ చేత అది చేయించనివ్వకండి. భర్త రిషికేశ్ అని చెప్పారని ఆమె ప్రమాణం చేస్తే, ఆయన చెప్పింది ఢిల్లీ అని మీకు తెలుసు, అన్నకూ తెలుసు. ఆ కాగితం చూపించి ఎవరికైనా రికార్డు అమ్మి, తర్వాత గుట్టు బయటపడితే, అది భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద మోసం కేసు అవుతుంది. దాంట్లో అమ్మ సంతకం ఉంటుంది. ఈ వయసులో ఆమెను ఆ ఇరకాటంలోకి నెట్టకూడదు. అన్నతో కోపంగా కాకుండా, "అమ్మను పోలీస్ స్టేషన్ గడప ఎక్కించే పని మనం చెయ్యొద్దు అన్నా" అని చెప్పండి. ఈ ఒక్క విషయంలో ఆయన మీ మాట వింటారనే నా నమ్మకం. ఆయనకూ ఆమె తల్లే.

వచ్చే నెల రిజిస్ట్రేషన్‌ను రెండు మూడు నెలలు వాయిదా వేయమని అడగండి. ఆస్ట్రేలియాకు ఉత్తరం రాశానని, జవాబు రావాలని చెప్పండి, అది నిజమే అవుతుంది కాబట్టి. ఈలోపు అట్ట ముందూ వెనకా, లేబుల్, టార్చి వెలుగులో సంతకాలు, సందూకలోని ఉత్తరాలు ఫొటోలు తీసి నాకు పంపండి. లేబుల్ చూసి అట్ట కాలం సుమారుగా ఏదో చెప్పే ప్రయత్నం చేస్తాను.